గేటు బయటి అరుగు

అప్పట్లో మా చిక్కడపల్లిలో ఎవరైనా కనబడకపోతే పోలీసుల దగ్గరికి పరుగెత్తేవాళ్ళు కాదు. తప్పిపోయినవాడి వయసు చెబితే చాలు, ఎక్కడున్నాడో వీధిలో ఎవరో ఒకరు చెప్పేసేవారు. కాలేజీ కుర్రాడైతే నారాయణగూడ చౌరస్తాలో ఇరానీ హోటల్, రిటైరైన పెద్దమనిషైతే లైబ్రరీలో తెలుగు పేపరు వెనకాల, ఉద్యోగం వచ్చి పెళ్ళి కానివాడైతే హైదర్‌గూడ వెళ్ళే రోడ్డు మీద (ఆ రోడ్డులో ఆడపిల్లల హాస్టల్ ఉండేది, అంతకు మించి అడగకండి). మనుషులు చోట్లను వెతుక్కుంటారని అంటారు గానీ, చోట్లే మనుషుల్ని పిలుచుకుంటాయని నాకు అప్పుడే అనుమానం. చౌరస్తాకు రెండు వైపులా రెండు హోటళ్ళు ఉండేవి. రెండింటిలోనూ అదే చాయ్, అదే బిస్కెట్, అవే మచ్చల కప్పులు. ఒకదాంట్లో కుర్చీ దొరికేది కాదు, రెండోదాంట్లో యజమాని గల్లా దగ్గర కూర్చుని ఈగల్ని లెక్కపెట్టుకునేవాడు. ఎందుకలా అన్నది నాకు తెలిసిపోయిందని ఇరవయ్యేళ్ళ వయసులో గట్టిగా నమ్మాను. ఆ నమ్మకానికి బలైంది అశోక్‌నగర్‌లో ఒక అరుగు. మా బంధువుల పెళ్ళిళ్ళలో ఆ అరుగు కథ ఇప్పటికీ తప్పుగానే నడుస్తోంది. "అరవై తొమ్మిది తెలంగాణ గొడవల్లో పాపం ఆయన్ని ఆ ఊళ్ళో ఉండనివ్వలేదు" అంటారు. నేను పక్కనే కూర్చుని పప్పు కలుపుకుంటూ తల ఊపుతూ వచ్చాను. ఇక ఊపలేను.

ఆయన మా అమ్మకు బాబాయి వరస, నాకు తాతయ్య. కాలవల శాఖలో ఓవర్సీరుగా పనిచేసి, రాజధాని మారినప్పుడు ఆఫీసుతో పాటు ఇక్కడికి వచ్చి, రిటైరయ్యాక అశోక్‌నగర్‌లో మేడ కట్టారు. ఇంటికి ప్రహరీ, ప్రహరీకి ఉదయించే సూర్యుడి డిజైనుతో ఇనప గేటు. అంతవరకూ వీధిలో అందరి ఇళ్ళలాంటిదే. తేడా ఎక్కడొచ్చిందంటే, ప్రహరీ బయట, రోడ్డు వైపు, ఆయన ఒక అరుగు కట్టించారు. ఎర్ర గచ్చు, కాళ్ళు చాపుకునేంత వెడల్పు, ఆనుకోవడానికి గోడ. వాళ్ళ ఊళ్ళో కాలవ గట్టున ఉన్న ఇంటి అరుగుకి కొలతలు తెప్పించి మరీ కట్టించారు. "ఈ అరుక్కి పోసిన సిమెంటుతో నా వంటింట్లో గట్టు వచ్చేది" అని అమ్మమ్మ అనని రోజు లేదు.

సాయంత్రం కాగానే తాతయ్య తెల్ల పంచె కట్టుకుని, విసనకర్ర పట్టుకుని, రెండు వైపులా చోటు వదిలి అరుగు మధ్యలో కూర్చునేవారు. జనం వస్తారని. జనం వచ్చేవాళ్ళే, ఆగేవాళ్ళు కారు. "నమస్తే సార్" అని సాగిపోయేవాళ్ళు. ఒకాయన మాత్రం సైకిల్ దిగి, "చాబీ పోయిందా సార్? లోపట ఎవ్వరు లేరా?" అని ఎంతో జాలిగా అడిగాడు. ఇంకొకాయన ఇక్కడ బస్సు ఎన్నింటికి ఆగుతుందన్నాడు. పొరపాటున ఎవరైనా ఆగితే తాతయ్య ప్రశ్న ఒకటే: "మీదే ఊరు? మీ వైపు కాలవ ఉందా?" ఉందంటే దాని మీద ఏ తూము ఎవరి హయాంలో కట్టారో చెప్పేవారు. లేదంటే ఎక్కడ తవ్వితే వస్తుందో చెప్పేవారు. జవాబు ఏదైనా గంట ఒకటే. రెండోసారి ఆ మనిషి పక్క వీధిలోంచి పోయేవాడు.

నారాయణగూడలో తాతల కాలం నుంచి ఉంటున్న కుటుంబంలోవాడు నా స్నేహితుడొకడు. ఏం జరిగినా "పరేషాన్ అయితున్నదిర బై" అనేవాడు గనక మాకందరికీ వాడు పరేషాన్. అరుగు చూసి వాడు ఒక్క మాటలో తేల్చేశాడు. "మా ఊర్లె గూడ ఉన్నయ్ అరుగులు. కని ఆడ గేట్లు లెవ్వు. ఈడ గేటేమొ రావద్దంటది, అరుగేమొ రమ్మంటది. మనిషి ఏది ఇనాలె?"

నాకు నవ్వొచ్చింది గానీ, నవ్వే పరిస్థితి కాదు. ఒక సాయంత్రం నేను ఉండగానే తాతయ్య అమ్మమ్మతో అన్నారు: "దసరా దాకా చూస్తానే. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, తనంత తానుగా వచ్చి ఈ అరుగు మీద కూర్చుంటే ఇక్కడే ఉంటాం. లేదూ, ఇల్లు అమ్మేసి మన కాలవ గట్టుకు పోదాం." అమ్మమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ, "ఇక్కడివాళ్ళు తప్పించుకున్నారు, ఇక అక్కడివాళ్ళ మీద పడతారా?" అంది గానీ, ఆయన గొంతు విని ఆవిడ చెయ్యి ఆగిపోయింది. నేను నా లెక్కలు వేసుకున్నాను. చిక్కడపల్లిలో మాది రెండు గదుల వాటా, మనుషులు నాలుగు గదులకు సరిపడా. ఆ ఏడు కాలేజీలు మూతపడి, పరీక్షలు ఎప్పుడో ఎవరికీ తెలియక, నేను గుమాస్తా పరీక్షలకు చదువుతున్నాను. తాతయ్య మేడ మీద గదిని నాకు చదువుకోవడానికి ఇచ్చారు. ఫ్యాను, కిటికీ, మధ్యాహ్నం అమ్మమ్మ మజ్జిగ. ఇల్లు అమ్ముడుపోతే ఇవన్నీ పోతాయి. (తాతయ్య వెళ్ళిపోతారన్న బాధ నాకు కలగలేదా అంటే, ఫ్యాను తర్వాత కలిగింది.)

కనక అరుగు మీదికి జనాన్ని రప్పించాలి. జనం ఉన్నచోటికే జనం వస్తారన్నది నా హోటల్ సిద్ధాంతం. మొదటివాడు ఎందుకు వస్తాడన్నదే చిక్కు. అదే వారం పరేషాన్ వాళ్ళ అన్నకు కరెంటాఫీసులో టైపిస్టు ఉద్యోగం వచ్చింది. ఇరానీ హోటల్లో వాడు ఆ వార్త చెప్పగానే నాకు మెరిసింది.

"మీ అన్న మొన్న మా తాతయ్య అరుగు దగ్గర ఆగాడు కదా?"

"చైన్ పడ్డదిర బై. సైకిల్ గోడకు ఆనిచ్చి ఎక్కిచ్చుకున్నడు. గంతే."

"కాసేపు కూర్చున్నాడు కదా?"

"ఏడ కూసున్నడు? చేతులకు గ్రీజున్నదని తాత పాత పేపర్ ఇచ్చిండు తుడుసుకొమ్మని."

"తుడుచుకునేటప్పుడు కాస్త ఆనుకుని ఉండడూ?"

వాడు చాయ్ ఊదుకుంటూ, "ఆనుకున్నడేమొ" అన్నాడు.

నాకు అది చాలు. పక్క బల్లకు వినపడేలా గొంతు పెంచి, "చూశావా, ఆ అరుగు మీద కూర్చున్నాడు, వారం తిరక్కుండా ఆర్డరొచ్చింది!" అన్నాను. పక్క బల్ల దగ్గర చాయ్ కప్పులు గాలిలో ఆగిపోయాయి. ఆ రోజుల్లో నగరంలో ఉద్యోగం లేని డిగ్రీలు ఎన్నో, ఖాళీగా ఉన్న సాయంత్రాలూ అన్ని.

మర్నాడు ఇద్దరొచ్చారు. ఊరికే అటుగా వెళ్తూ కాళ్ళు నొప్పి పుట్టి కూర్చున్నట్టు నటించారు. తాతయ్య ఆనందం చూడాలి! లోపలికి కేకేసి మజ్జిగ తెప్పించారు. మూడోనాటికి అరుగు నిండింది. ఆ వారం చివరికి చిక్కడపల్లి, గాంధీనగర్, కోఠి నుంచి కూడా సైకిళ్ళు వచ్చాయి. "అన్నా, మీ దోస్తు వాళ్ళన్న ఏ దిక్కు కూసున్నడు?" అని నన్ను పట్టుకుని అడిగారు. సైకిల్ ఆనించిన మూల చూపించాను. ఇక ఆ మూల కోసం వరస. ఒక తల్లి కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చి, "జర జరుగుండ్రి నాయినా, మావోనికి రేపే ఇంటర్వ్యూ" అని బతిమాలింది. ఎవరో ఆ మూలకు పసుపు రాశారు, ఎవరో బొట్లు పెట్టారు. పల్లీల బండి వచ్చింది, వెనకే సోడా బండి. ఎదురింటాయన ముందు గది ఖాళీ చేసి టైపు ఇన్‌స్టిట్యూట్‌కు కిరాయికిచ్చాడు. ఉద్యోగాలు మావంటే మావని ఊరంతా ఊరేగింపులు తీస్తున్న కాలం అది. మా అరుగు మీద మాత్రం అటువాళ్ళూ ఇటువాళ్ళూ భుజం భుజం రాసుకుని కూర్చున్నారు. ఉద్యోగం ఎవరిదన్న తగువు అక్కడ లేదు, మూల ఎవరిదన్నదే తగువు.

మొదటివారం గడిచాక తాతయ్య మొహంలో ఏదో తగ్గడం గమనించాను. మజ్జిగ ఇచ్చి, "మీదే ఊరు బాబూ? మీ వైపు కాలవ ఉందా?" అని మొదలుపెట్టేవారు. కుర్రాడు కళ్ళు మూసుకుని నదుల పేర్లు వల్లె వేస్తుండేవాడు. (అందులో కాలవలు కూడా ఉండేవి. తాతయ్య కట్టినవే కొన్ని. సిలబస్‌లో ఉన్నంతవరకు అవి వాళ్ళకు కావాలి.) "తాతా, జర చుప్ ఉండుండ్రి, యాదికుంచుకోవాలె" అనేవాడు. తాతయ్య విసనకర్ర ఊపుకునేవారు. పాపం, ఆ గాలి కుర్రాడికే తగిలేది.

చివరికి ఒకనాడు, నేను మెట్లు దిగి వస్తుండగా, నా కళ్ళముందే జరిగింది. మెళ్ళో తువ్వాలుతో చెమటలు కక్కుతూ కొత్తగా వచ్చిన ఒకడు అరుగంతా కలియజూసి, తాతయ్య దగ్గర ఆగాడు. "పెద్దాయనా, మీరు పింఛన్ల మనిషి గద. మీకేం నౌకరి గావాలె? జర లెవ్వుండ్రి."

తాతయ్య లేచారు. ఎవరిల్లో చెప్పలేదు. చెప్పులు వేసుకుని గేటు తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. గేటు మీద సూర్యుడు ఆయన వెనకాల మూసుకున్నాడు.

ఆ సాయంత్రం నేను అరుగెక్కి నిజం చెప్పేశాను. చైను పడిందనీ, ఎవరూ కూర్చోలేదనీ, అంతా నా కల్పన అనీ. అందరూ శ్రద్ధగా విన్నారు. తర్వాత వెనక నుంచి ఒకడన్నాడు: "ఈయనకు ఇంటర్వ్యూ కార్డొచ్చిందంట. ఇగ మనకు రావద్దని గిట్ల చెప్తున్నడు." నిజంగానే ఆ ముందురోజు నాకు కార్డు వచ్చింది. మూల కోసం తోపులాట రెట్టింపైంది. అమ్మమ్మ నాలుగింటికల్లా బిందెలతో నీళ్ళు కుమ్మరించడం మొదలుపెట్టింది. వాళ్ళు అరుగు ఆరేదాకా నిలబడి చదువుకున్నారు.

దసరాకు ముందే తాతయ్య మేస్త్రీని పిలిపించి అరుగు కొట్టించేశారు. "ఒక్కడు చాలన్నాను కదరా అబ్బాయ్" అన్నారు నాతో, గునపం దెబ్బలు చూస్తూ. "ఇంతమందిని ఎవరు రమ్మన్నారో." ఆ క్షణంలో చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. జనానికి చెప్పిన నిజం ఆయనకు చెప్పడానికి నోరు రాలేదు. పగలగొట్టిన అరుగును బండికెక్కించే పని కూడా మేస్త్రీకి తగ్గింది. కుర్రాళ్ళు తలా ఒక ఎర్ర గచ్చు పెంకు రుమాల్లో కట్టుకుని పోయారు. ఎవరూ చూడకుండా నేనూ ఒకటి తీసుకుని, ఇంటర్వ్యూ నాడు ప్యాంటు జేబులో పెట్టుకుని వెళ్ళాను. అంతా అబద్ధమని నాకు తెలిసిన పెంకునే. ఉద్యోగం వచ్చింది. అది పెంకు మహిమ అని నేను అనను. కాదని మా ఆవిడ దగ్గర అనే ధైర్యం లేదు, అది ఇప్పుడు ఆవిడ దేవుడి గూట్లో ఉంది.

తాతయ్య ఇల్లు అమ్మి, అమ్మమ్మతో కాలవ గట్టుకు వెళ్ళిపోయారు. బంధువులు గొడవల వల్లే అనుకున్నారు, ఆ కథ వాళ్ళకూ హాయిగా ఉంది, నాకూ హాయిగా ఉంది. రైలెక్కించి వస్తుంటే, పరేషాన్ చౌరస్తా దాకా సైకిల్ తోసుకుంటూ నడిచాడు. తర్వాత అన్నాడు: "ఒక్కడే కావాలన్నడు గదర తాత. నువ్వు రోజు పొద్దుగాల మాపటీల ఆయన ముంగట్నుంచే మీదికి పోతుంటివి. నువ్వు కూసున్నా అయిపోతుండె గద?"

నేను రోజూ చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. "చదువుకోవాలి తాతయ్యా." చెబుతూ మెట్లెక్కేసేవాణ్ణి. వాడు సైకిలెక్కాడు. "పరేషాన్" అని కూడా అనలేదు.

ఆ ఇంటి స్థానంలో ఇప్పుడు అపార్ట్‌మెంట్ ఉంది. వీధి పొడుగునా కోచింగ్ సెంటర్లు, జిరాక్స్ షాపులు, మెస్సులు. ఎక్కడెక్కడి జిల్లాల పిల్లలో గైడ్లు పట్టుకుని మెట్ల మీద, పిట్టగోడల మీద, ఆగి ఉన్న స్కూటర్ల మీద కూర్చుని చదువుతుంటారు. ఇదంతా నా పుణ్యమే అనుకునేంత గర్వం లేదు గానీ, ఆ వైపు వెళ్ళినప్పుడల్లా మెడ వెనక కొంచెం వెచ్చగా ఉంటుంది. మొన్న పాల ప్యాకెట్ కోసమని బయల్దేరి, ఎందుకో ఆ అపార్ట్‌మెంట్ మెట్ల మీద కూర్చున్నాను. అరుగు ఉన్న చోటు సరిగ్గా అదేనో కాదో. ఒక కుర్రాడు వచ్చి, "అంకుల్, జర జరుగుతరా?" అన్నాడు. జరిగాను. వాడు పుస్తకం తెరిచాడు. నాకు తెలియకుండానే నా నోట్లోంచి మాట వచ్చేసింది.

"మీదే ఊరు బాబూ?"

"సూర్యాపేట దిక్కు అంకుల్."

"మీ వైపు కాలవ ఉందా?"

కుర్రాడు పుస్తకంలోంచి తలెత్తి నన్ను వింతగా చూశాడు. "ఉన్నది అంకుల్. నీళ్ళే రావు" అన్నాడు. అని, వేలు పేజీలో పెట్టి పుస్తకం మూశాడు. ఆ కాలవ ఎక్కడ పూడిపోయిందో, వాళ్ళ నాయన ఎవరెవరి దగ్గరికి తిరిగాడో, తూము దగ్గర ఎవరితో కొట్లాట అయిందో చెప్పడం మొదలుపెట్టాడు. పాల దుకాణం మూసే వేళైంది. నేను లేవబోయి, మళ్ళీ కూర్చున్నాను.