దవాఖాన చాలూ ఉంది

2011 ఎండాకాలం చివర సిద్దిపేటలో ఒక ట్రస్టు నడిపే దవాఖానకు సిస్టమ్స్ ఆఫీసరుగా వెళ్లాను. హోదా వినడానికి ఘనంగా ఉంటుంది. పరిపాలనాధికారికి కింద, బిల్లు కౌంటరు గుమస్తాలకు పైన, నేనొక్కదాన్నే ఒక విభాగం. ప్రింటర్లో కాగితం ఇరుక్కున్నా నన్నే పిలిచేవారు. అసలు అప్పగించిన పని మాత్రం సంస్థ వెబ్‌సైటును తిరగరాసి, వాడేవారికి సులువుగా ఉండేట్టు చేయడం.

ఉన్న సైటు పైన పటారం, లోన లొటారం. తెరవగానే వ్యవస్థాపకుల ఫోటోలు, అధ్యక్షుల సందేశం, ప్రారంభోత్సవ దృశ్యాలు. ఏ డాక్టరు ఏ రోజు ఉంటారో తెలియాలంటే అయిదు చోట్ల నొక్కాలి. మా వృత్తిలో మొదటి మెట్టు జాబితా. ఉన్న ప్రతి పేజీని ఒక పట్టికలో రాసి, ఎదురుగా 'ఎవరికి, ఎందుకు' అని రెండు గడులు గీస్తాం. మా పట్టికలో సగం గడులు ఖాళీగా మిగిలాయి. అక్కర ఉన్నవాటిని ముందుకు, లేనివాటిని వెనక్కు జరపాలని నోటు రాసి కార్యదర్శి సంతకానికి పెట్టాను. ఆయన రిటైరైన తెలుగు ఉపాధ్యాయులు. నా నోటులో రెండు అక్షరదోషాలు దిద్ది మరీ సంతకం చేశారు.

పని సగంలో ఉండగా సెప్టెంబరులో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. మా దవాఖాన మాత్రం నడిచింది. సిబ్బంది నల్ల బ్యాడ్జీలు పెట్టుకుని పనిచేశారు. ఉద్యమానికి మన మద్దతు సైటులో కనబడాలని కార్యదర్శి అన్నారు. నాకూ అదే కోరిక. ఎర్రటి పెద్ద అక్షరాలతో 'తెలంగాణ బంద్‌కు మా సంపూర్ణ మద్దతు' అని మొదటి పేజీ నెత్తిన పెట్టాను. దాని కింద చిన్న అక్షరాల్లో 'అత్యవసర సేవలు యథాతథం' అని చేర్చాను. ఆ రోజు రెండు మూడుసార్లు సైటు తెరిచి చూసుకుని మురిసిపోయాను కూడా.

తర్వాతి మంగళవారం బంద్. పొద్దున పది గంటలకు డయాలిసిస్ టెక్నీషియన్ వచ్చి, కొండపాక ఎల్లయ్య రాలేదని, మంచం ఖాళీగా ఉందని చెప్పింది. ఎల్లయ్యకు రెండు కిడ్నీలూ పనిచేయవు. మంగళవారం, శుక్రవారం మిషన్ మీద రక్తం శుభ్రం చేయకపోతే ఒంట్లో నీరు చేరి ఊపిరి ఆడదు. రిజిస్టరులో ఆయన పేరు ఎదుట ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. అది ఆయనది కాదు, కొండపాకలో జిరాక్స్, ఇంటర్నెట్ దుకాణం నడిపే ఖాజాది.

"ఎల్లయ్య ఇంట్లనే ఉన్నడు మేడం. మీరే బంద్ అని పెట్టిన్రు గద? పొద్దుగాల వాళ్లింటామె బాలవ్వ వచ్చి అడిగితె నేనే సదివి చెప్పిన," అన్నాడు.

కింద 'అత్యవసర సేవలు యథాతథం' అని రాశాం కదా అన్నాను, కొంచెం కటువుగానే.

"ఉంది మేడం. గదేందో మంత్రం లెక్క ఉంటె ఇడిశిపెట్టిన."

ముందు అతని మీద కోపం వచ్చింది. ఆ కోపం ఎక్కువసేపు నిలవలేదు. రాసింది నేను. ఎల్లయ్యను ఇంట్లో కూర్చోబెట్టింది నేను. అప్పటికప్పుడు ఆ ఎర్ర అక్షరాలు తీసేశాను. కార్యదర్శి పింఛనుదారుల దీక్షా శిబిరంలో ఉన్నారు. సంతకం లేకుండా సైటులో మార్పు చేయడం నా సర్వీసులో అదే మొదలు.

ఖాజా దుకాణం మూసి, ఆటో మాట్లాడి ఎల్లయ్యను, ఆయన భార్య బాలవ్వను ఎక్కించుకుని బయల్దేరాడు. పెద్ద రోడ్డు మీద బంద్ వాళ్ల వంటావార్పు జరుగుతోంది. సంగతి తెలియగానే అక్కడివాళ్లు పొయ్యిలు పక్కకు జరిపి దారి ఇచ్చారు, ఒకాయన బండి మీద ముందు సాగి సిద్దిపేట దాకా దిగబెట్టాడు. మధ్యాహ్నానికి ఎల్లయ్య మిషన్ మీద ఉన్నాడు. కాళ్లు వాచాయి, మాట ఎగబోతతో వస్తోంది. శుక్రవారం దాకా ఆగి ఉంటే మనిషి దక్కేవాడు కాదని డాక్టరు నాతో అన్నారు. సాయంత్రం ఊపిరి కుదుటపడ్డాక, అత్యవసర సేవలున్నా ఎందుకు రాలేదని ఎల్లయ్యనే అడిగాను.

"అత్యవసరమంటె ఆక్సిడెంటు అయినోళ్లకు, పాము కుట్టినోళ్లకు గద బిడ్డా. నాది వారానికి రెండుసార్లు ఉండేదేనాయె," అన్నాడు.

గురువారం కొత్త పేజీల నమూనాలు ప్రింటు తీసుకుని కొండపాక వెళ్లాను. వాడేవారిని పరీక్షించడానికి మా దగ్గర ఒక పద్ధతి ఉంది. వెనకాల కూర్చోవాలి, నోరు విప్పకూడదు, ఎక్కడ ఆగారో రాసుకోవాలి. నోరు విప్పకపోవడం నాకు కష్టమైన పని. అయినా ఖాజా వెనక కూర్చున్నాను. అప్పుడు తెలిసింది, ఆ ఊళ్లో మా సైటును చూసేది ఖాజా ఒక్కడేనని. మిగతావారంతా అతను చదివితే వినేవాళ్లు. జిరాక్సుకు వచ్చినవాళ్లు వెనక నిలబడి ఉంటారు కనుక, పెద్ద అక్షరాల మొదటి లైను చదివి ఆపేస్తాడు. ఇన్నాళ్లూ నేను కళ్ల కోసం రాశాను. కొండపాకకు అది చెవుల ద్వారా చేరుతోంది.

మీరైతే ఏం రాస్తారని పెన్సిలు అతని చేతికిచ్చాను. కాసేపు ఆలోచించి రాశాడు: 'దవాఖాన చాలూ ఉంది. కిడ్నీ మిషన్ చాలూ ఉంది.' చాలూ అంటే అక్కడి మాటలో నడుస్తోందని.

ఆ రెండు ముక్కలూ పైన, మద్దతు మాట వాటి కింద పెట్టి శుక్రవారం నోటు పంపాను. కార్యదర్శి పిలిపించారు. చెప్పకుండా తీసేసినందుకు ముందు నాలుగు మాటలు పడ్డాను. తర్వాత అసలు అభ్యంతరం వచ్చింది. "మద్దతు కిందికి జరిపితే ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అనరా మనల్ని? పైగా 'చాలూ' తెలుగు మాటేనా?" అన్నారు. 'యథాతథం' మాత్రం తెలుగా సార్ అని నోరు జారాను. హోదాకు మించిన మాటే. ఆయన ముఖం ఎర్రబడింది. విన్నవాళ్లనే అడుగుదామని నేను బతిమాలితే, ఏమనుకున్నారో, లేచి వచ్చారు.

డయాలిసిస్ గదిలో ఎల్లయ్య పక్కన బాలవ్వ కూర్చుని ఉంది. కార్యదర్శి పాత పేజీ కాగితం తానే గట్టిగా చదివి, "ఏం సమజైందవ్వా?" అని అడిగారు.

"బంద్ అని సమజైంది సారూ."

కొత్తది చదివారు.

"చాలూ ఉందంటె రావాలె. గింత ముచ్చటకు ఇద్దరు పెద్దోళ్లు రావాల్నా?" అంది.

ఆయన నవ్వారు. "మన మాట కోసమే కొట్లాడుతున్నం. మన గేటు కాడ దాన్నే బయట నిలబెట్టినం," అని, అక్కడే మంచం అంచున కాగితం పెట్టి సంతకం చేశారు. ఈసారి ఒక్క అక్షరం దిద్దలేదు.

ఆ నెలలోనే మళ్లీ బంద్ వచ్చింది. పొద్దున నేను వెళ్లేసరికి గేటు ముందు ఆటో ఆగి ఉంది. వాచ్‌మన్ ఇంకా తాళం తీయలేదు. ఎల్లయ్య ఆటోలోంచి తల బయటపెట్టి నామీద గయ్యిమన్నాడు: "చాలూ అని రాస్తిరి, గేటు తీయరేంది?"

పదవీ విరమణ దాకా ఏ పేజీ తయారైనా ముందు ఎవరికైనా ఫోన్లో చదివి వినిపించి, విన్నారు కదా, ఇప్పుడేం చేస్తారని అడిగాకే సంతకానికి పంపాను. సైటు బాగుందో లేదో దాన్ని చూసి చెప్పలేం. విన్న మనిషి వేళకు బయల్దేరాడా అన్నది చూడాలి. ఆ వేళకు గేటు తీసి ఉంచడం కూడా ఆ పనిలో భాగమేనని ఎల్లయ్య నేర్పాడు.