నోటీసు మీద ఉన్న చిరునామా

కోర్టు గుమ్మం తొక్కకుండానే సగం కేసు ఓడిపోవడం ఎలాగో నేర్చుకోవాలనుంటే నా దగ్గరకు రండి. ఆ విద్యలో మా జిల్లాలో నన్ను మించినవాళ్ళు లేరు. ఒక్క పూటలో శిక్షణ పూర్తి చేసి పంపిస్తాను.

అప్పుడు నేను మా ఊరి నుంచి రోజూ బస్సులో వెళ్ళొస్తూ విజయనగరంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. దిగాల్సిన స్టాపు దాటిపోతున్నా "ఆపండి" అనలేక, తరవాతి ఊళ్ళో దిగి వెనక్కి నడిచొచ్చిన చరిత్ర నాది. చెప్పాలనుకున్నవన్నీ డైరీకే చెప్పుకునేదాన్ని. కానీ పుస్తకాలు చదువుతానని, ఇంగ్లీషు కూడా వచ్చునని మా సముద్రపు ఒడ్డు ఊళ్ళో నాకు పెద్ద పేరు. ఆ పేరే కొంప ముంచింది.

మా మేనత్త నూకాలత్త ఇంటి వెనక ఇసక జాగాలో చేపలు ఎండబెట్టి చీపురుపల్లి పట్టుకెళ్ళి అమ్ముతుంది. ఆ జాగా పోతే ఆమె బతుకుతెరువు పోయినట్టే. ఒకరోజు ఆమెకి రిజిస్టరు పోస్టులో రెండు పేజీల ఇంగ్లీషు నోటీసు వచ్చింది.

"సదువు గుంటా! ఏటి రాసినారు?"

జాగా అంతా తనదేనని పక్కింటి గురయ్య అంటున్నాడనీ, పదిహేను రోజుల్లో ఖాళీ చెయ్యాలనీ, లేదంటే సమాధానం ఇవ్వాలనీ అర్థమైంది. మిగతా వాక్యాలు కొత్తవలస రైల్వే గేటు దగ్గర ఆగిన గూడ్సు బండిలా ఉన్నాయి. ఇంజను కనిపించింది గాని చివరి పెట్టె ఎప్పటికీ రాలేదు. అర్థం కాలేదని ఒప్పుకుంటే నా పేరేం కావాలి? కాగితం పైన మాత్రం లావుపాటి అక్షరాల్లో ఒక లాయరు గారి పేరు, విజయనగరం చిరునామా ఉన్నాయి.

"జాగా తనదంటున్నాడత్తా గురయ్య. సమాధానం ఇమ్మన్నారు. లాయరు గారి అడ్రసు కూడా ఇచ్చారు. ఈయన దగ్గరకే వెళ్ళాలి."

"అయితే మనకి లాయర్ని కూడా ఆళ్ళే పెట్టేసినారన్నమాట. మంచోళ్ళే!"

ఆస్పత్రి చీటీ మీద ఏ డాక్టరు పేరుంటే ఆ డాక్టరు దగ్గరకే కదా వెళ్తాం? మీరే చెప్పండి, నా తర్కంలో లోపమేముంది?

లాయరు దగ్గర ఏదీ దాచకూడదని ఎక్కడో చదివాను. ఆయన ఎదుట నాకు నోరు పెగలదని తెలుసు గనక, రెండు రోజులు కూర్చుని కేసంతా డైరీలో రాసుకున్నాను. అత్త లాయరు గారికని ఎండు నెత్తళ్ళ చేపలు మూట కట్టింది. ఇద్దరం బస్సెక్కాం.

లాయరు గారు నెమ్మదైన మనిషి. మూట బల్ల మీద పెట్టగానే ఆయన ఫైళ్ళన్నిటికీ మా ఊరి వాసన వచ్చేసింది. గురయ్య నోటీసు సంగతి మాట్లాడాలని అత్త చెప్పింది. "గురయ్య గారి జాగా సంగతాండీ? కూర్చోండి, చెప్పండి" అన్నారు.

నేను డైరీ తెరిచాను. ఏమైందో ఏమో, పందొమ్మిదేళ్ళుగా నాలో పేరుకున్న మాటలన్నీ గట్టు తెగిన చెరువులా వచ్చేశాయి. తాతల కాలం నుంచి ఆ జాగా ఎవరి చేతిలో ఉందో చదివాను. పన్ను రసీదులు ఏ పెట్టెలో ఉన్నాయో చదివాను. ఆ తరవాత, ఎంతో నిజాయితీగా, "పోయిన తుఫానుకి హద్దు కర్రలు కొట్టుకుపోతే, మా అత్త మళ్ళీ పాతినప్పుడు రెండు మూరలు గురయ్య వైపు జరిపి పాతింది. ఈ సంగతి ఇంకెవరికీ తెలియదు" అని చదివాను.

లాయరు గారు కలం కింద పెట్టారు. "ఆగమ్మా, ఆగు. ఇంతకీ మీరు గురయ్య గారికి ఏమవుతారు?"

"ఏమీ అవం సార్. ఈమే నూకాలమ్మ."

"మరి మీ లాయరేరీ?"

"మీరే కదా సార్."

ఆయన రెండు చేతులూ తల మీద పెట్టుకున్నారు. "ఆ నోటీసు పంపింది నేనే తల్లీ! నేను గురయ్య గారి లాయర్ని! ఇంకొక్క ముక్క చెప్పకు!"

"ఓలమ్మో! అయితే నువ్వు మాకోసం కాదేటి బాబూ?" అంది అత్త.

"కాదమ్మా. మీరు కోర్టుకి వెళ్ళండి. ఆ ఆవరణలోనే ఉచిత న్యాయ సహాయం ఆఫీసు ఉంది. ఆడవాళ్ళకి అక్కడ లాయర్ని పెడతారు. ఈ నోటీసు చూపించి, దరఖాస్తు రాసివ్వండి. ఈ మూట కూడా తీసుకెళ్ళండి."

మెట్లు దిగుతూ అత్త అంది: "పుట్టిన కాడ్నుంచీ నోరిప్పనిదానివి, ఇప్పక ఇప్పక ఆడి కాడేనేటే ఇప్పడం?"

ఆ ఆఫీసులో మాకు ఒక లాయరమ్మ గారిని పెట్టారు. "నోటీసంటే తీర్పు కాదమ్మా. ఎదుటివాళ్ళ మాట, అంతే. మన మాట మనం రాసి పంపుదాం" అన్నారు. అత్తకి ప్రాణం లేచొచ్చింది. అన్నీ విన్నాక, "ఈ కర్రల సంగతి ఇంకెవరికైనా తెలుసా?" అని అడిగారు.

"ఒక్కరికే మేడమ్."

"నమ్మకస్తులేనా?"

"చాలా మంచివారు మేడమ్. గురయ్య గారి లాయరు."

ఆవిడ గ్లాసెడు మంచినీళ్ళూ గటగటా తాగేశారు.

చివరికి ఆ ఆఫీసువాళ్ళే జాగాని సర్వేయరు చేత కొలిపించి, ఇరుపక్షాలనూ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. సరిగ్గా రెండు మూరలే గురయ్యవి. మిగతా జాగా అంతా అత్తదే. గురయ్య నన్ను చూసి నిట్టూర్చాడు. "ఈ గుంట ముందే ఉన్నదంతా సెప్పేసింది. ఇంక నానేటని దెబ్బలాడతాను?"

ఆ రోజే డైరీ మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: ఇక ఈ జన్మలో నల్లకోటు ఎదుటపడితే, "మీరు ఎవరి తరఫు?" అని అడగందే నా పేరు కూడా చెప్పను.

మరుసటి వారం రాజీ కాగితం మీద సాక్షి సంతకానికి మా లాయరమ్మ గారు నన్ను పిలిచారు. "నీ పూర్తి పేరు చెప్పమ్మా" అన్నారు.

ప్రమాణం ప్రమాణమే కదా. గొంతు సవరించుకుని, "మీరు ఎవరి తరఫు మేడమ్?" అన్నాను.