అట్ట చింపిన మాత్రలు

మాత్రల రేకు చప్పుడైతే చాలు, నాకు సుగుణక్క గుర్తొస్తుంది. ముంబైలో, దాదర్‌లో మందుల షాపులో ఉద్యోగం నాది. ఆ చప్పుడు రోజంతా వింటాను, అయినా అలవాటు కాలేదు.

అప్పుడు నాకు పదమూడేళ్ళు. కామాటిపురలో వరుస గదుల చాల్, మూడో అంతస్తులో మా గది. పెద్దమనిషినైన నాలుగో నెలలో నెలసరి రక్తం ఆగలేదు. ఇరవై రోజులైనా తగ్గలేదు, మెట్లెక్కితే కళ్ళు తిరిగేవి. దవాఖానాలో డాక్టరమ్మ రక్తపరీక్షలు చేయించి, ఈ వయసులో హార్మోన్లు ఇంకా కుదురుకోలేదంది. ఐరన్ మాత్రలతో పాటు హార్మోన్ మాత్రలు రాసింది. అక్కడి నర్సే సుగుణక్క. మా పక్క గల్లీలో ఉండేది.

మూడు రోజుల్లో రక్తం ఆగింది. అప్పుడే అమ్మ కంట హార్మోన్ మాత్రల అట్టపెట్టె పడింది. వెనక గల్లీలో ఒళ్ళమ్ముకుని బతికే ఆడవాళ్ళకు పిల్లలు పుట్టకుండా పంచే మాత్రలు అవే. అమ్మ పెట్టెను బియ్యం సంచి వెనక దాచేసింది. రెండు రోజులకు రక్తం మళ్ళీ మొదలై, నేను కొళాయి దగ్గర పడిపోయాను.

కబురందగానే వచ్చిన సుగుణక్క మీద అమ్మ విరుచుకుపడింది. “గా గల్లీల ఆడోళ్ళు మింగే గోలీలు నా బిడ్డకిస్తవా సుగుణా? ఎవరన్న జూస్తే ఏమనుకుంటరు?”

“గోలీకేం ఎరుక వదినా, ఎవరు మింగుతున్నరో? మధ్యల బంద్ జేసినవ్, గందుకే మల్ల మొదలైంది. ఇంక రక్తం పోతే పిల్ల దక్కదు.”

అమ్మ ఏడుస్తూ పెట్టె తీసిచ్చింది. సుగుణక్క ఆ అట్ట చించి ముక్కలు తన సంచిలో వేసుకుంది. మాత్రల రేకును ఖాళీ పౌడరు డబ్బాలో పెట్టింది. “ఇగ ఎవరికీ కనబడవు. డాక్టరమ్మ చెప్పేదాంక ఆపొద్దు” అని, నన్ను వెంటనే దవాఖానాకు తీసుకెళ్ళింది.

మూడు నెలలు రోజూ డ్యూటీకి పోతూ మా ఇంటికొచ్చి, తన ఎదుటే మాత్ర మింగించేది. ఒకరోజు అడిగాను: “అక్కా, నేను చెడ్డదాన్నా?”

“పిచ్చిదానివి. నీళ్ళు తాగు.”

“మరి పెట్టె అట్ట ఎందుకు చింపినవ్?”

సుగుణక్క నా వైపు చూసి, “లేటైతుంది బిడ్డా” అని మెట్లు దిగిపోయింది. ఆమె మీద కోపమొచ్చింది. అయినా సాయంత్రం ఆమె డ్యూటీ నుంచి తిరిగొచ్చే వేళకు ఆమె కోసమే గుమ్మంలో నిలబడ్డాను. తప్పు లేనిదైతే దాచడమెందుకు? దాచాల్సిందైతే నాకెందుకిచ్చింది? ఎంత ఆలోచించినా తేలలేదు.

మొన్న షాపుకు ఒక తెలుగామె కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. చీటీలో అవే మాత్రలు. పెట్టె చూడగానే ఆమె ముఖం మాడిపోయింది. “గీ డబ్బా వద్దమ్మా, కాగితంల చుట్టియ్యి” అంది. అట్ట చింపేశాను. మధ్యలో ఆపొద్దని మూడుసార్లు చెప్పాను. ఆ పిల్ల నా చేతులనే చూస్తూ నిలబడింది. తనూ నాలాగే అడిగితే ఏం చెప్పాలో నాకింకా తెలియదు. అడుగుదామంటే సుగుణక్క ఇప్పుడు లేదు. ఆమె చోట నేను ఉన్నాను.