ఇంజన్ లేని విమానాల మాస్టారు

మా పక్కింటి తాతగారు పోయారు. పొద్దున్నే వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, "నాన్న నిద్రలోనే వెళ్ళిపోయారు" అని చెప్పింది. స్టవ్ కట్టేసి వంటింట్లోనే కూలబడ్డాను. అమెరికా వచ్చిన కొత్తలో, ఈ ప్లేనో ఊళ్ళో నాకు కారు నడపడం నేర్పిన మనిషి ఆయన. అమెరికనే అయినా, మావాడు "తాతా" అంటే పలికేవారు. అలా నాకూ తాతగారే అయ్యారు. సొంతవాళ్ళు పోయినట్టే ఉంది.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆయన ఇక్కడే, టెక్సాస్‌లో, సైన్యానికి గ్లైడర్ మాస్టారు. చిన్న విమానం ముక్కులోంచి ఇంజన్ పీకేసి, ఆ చోట ఇంకో సీటు బిగించి, అందులో కుర్రాళ్ళకు నేర్పేవారట. మరో విమానం తాడు కట్టి పైకి లాక్కెళ్ళి వదిలేస్తుంది. ఆపైన దిగడం ఒక్కటే. అలా నేర్చుకున్నవాళ్ళు సైనికులను ఎక్కించుకుని పెద్ద గ్లైడర్లలో యుద్ధానికి వెళ్ళారు. ఈయన్ని నేర్పడానికని ఇక్కడే ఉంచేశారు. ఎవరు తిరిగొచ్చారో, ఎవరు రాలేదో ఆయనకు చాలావరకు తెలియదు. "సరిపడా నేర్పానో లేదో" అనేవారు, కాఫీ తాగుతూ తాగుతూ ఉన్నట్టుండి.

నేను డ్రైవింగ్ టెస్ట్ ఫెయిలై ఏడుస్తున్న రోజులవి. మావారు నేర్పబోతే కారులో కురుక్షేత్రమే. "బ్రేక్ వెయ్యి, బ్రేక్ వెయ్యవే తల్లీ!" అని ఆయన, "మీరలా అరిస్తే నాకు కాలాడదండీ" అని నేను. ఫెన్స్ అవతల నుంచి విన్నారు తాతగారు. "నువ్వు ఆఫీస్‌కి వెళ్ళు. పక్కన నేను కూర్చుంటాను" అని మావారితో అన్నారు. తాతగారి ఇంగ్లీషును నా తెలుగులో చెబుతున్నాను.

మొదటిరోజు మావారు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. తాతగారు నవ్వలేదు. కారు చుట్టూ తిరిగి, వంగి నాలుగు టైర్లూ చూసి, "బయల్దేరే ముందు ఇలా చూసుకోవడం మంచి అలవాటే" అన్నారు. ఒక్కనాడూ గొంతు పెంచిన పాపాన పోలేదు. "దిగే చోటు అవసరం రాకముందే వెతుక్కోవాలి" అని మాత్రం రోజూ అనేవారు.

ఒక శనివారం, ఖాళీగా ఉన్న చర్చి పార్కింగ్ లాట్‌లో కారు ఆపించి దిగిపోయారు. మళ్ళీ లోపలికి వంగి, తను కూర్చున్న సీటు బెల్టు లాగి బిగించారు.

"అందులో ఎవరూ లేరుగా తాతగారూ, బెల్టెందుకు?"

"గ్లైడర్‌లో వదులు బెల్టు నడిపే కర్రకు చుట్టుకుంటే ప్రాణం పోతుంది. కుర్రాణ్ణి ఒంటరిగా పంపేముందు ఖాళీ సీటుది ఇలా బిగించేవాణ్ణి. ఆ తర్వాత నా చేతిలో ఏమీ ఉండేది కాదు." తలుపు వేసేశారు. "ఇక వెళ్ళు."

"వెళ్ళొస్తాను" అన్నాను అలవాటుగా. లాట్ చివరిదాకా వెళ్ళి, మలుపు తిప్పుకుని వచ్చాను. ఆ ఎండలో టోపీ చేత్తో పట్టుకుని, దిగిన చోటే నిలబడి ఉన్నారు.

అద్దం దించి, "బాగా నడిపానా?" అన్నాను.

డ్రైవింగ్ మాటే ఎత్తలేదు ఆయన. కారు పైన అరచెయ్యి ఆనించి, "తిరిగొచ్చావు" అన్నారు. కళ్ళు మాత్రం నా మీద లేవు. నా వెనక ఖాళీ లాట్ వైపు, ఇంకా రావలసినవాళ్ళు ఉన్నట్టు చూస్తున్నాయి.