ఒకటిన్నర సీరియల్ మీద మా అత్తమ్మ తీర్పు

మొన్న ఆదివారం మా అమ్మాయి ఏదో సిరీస్‌లోని ఎనిమిది భాగాలూ ఒక్క పూటలో చూసేసింది. నన్నూ పక్కన కూర్చోబెట్టుకుని చూపించి, చివర్లో "అమ్మా, ఐదుకు ఎన్ని స్టార్లు ఇస్తవ్?" అని అడిగింది. హత్యలు బాగానే చేశారు, పోలీసాయన చక్కగా ఉన్నాడు, వెలుతురే లేదు. ఊరు మొత్తానికి ఒక్క బల్బు ఉన్నట్టు అందరూ చీకట్లోనే తిరిగారు. ఆ మాటే అన్నాను. "అంటే మూడున్నర," అని తనే లెక్క వేసుకుని లేచిపోయింది. నాకేమో ఇంకా మాట్లాడాలని ఉంది. చూసినదాని మీద గంటసేపు పోట్లాడగలిగిన మనిషి మా ఇంట్లో ఒక్క మా అత్తమ్మే. ఆమె పోయి నాలుగేళ్ళయింది.

మేము పాలవాళ్ళం. శాలిబండలో మా ఇంటి ముందుగదే దుకాణం. పొద్దున కాచి తోడు వేసిన పెరుగు సాయంత్రం అమ్ముతాం. పన్నెండుకు షట్టరు సగం దించితే మళ్ళీ నాలుగు దాకా మాకు తీరిక. అన్నాలు తిని, ఒకటిన్నరకు టీవీ ముందు చేరేవాళ్ళం. అత్తమ్మ, నేను, మేము పిన్ని వరసగా ఖాలా అని పిలిచే పక్కింటామె. ఖాలా దుపట్టాలకు అంచులు కుట్టేది. కుట్టుపని ఒళ్ళో పెట్టుకునే వచ్చేది, తలెత్తకుండానే సీరియల్ అంతా చూసేది.

అత్తమ్మ ఊరికే చూసే రకం కాదు. తెర మీద ఎవరైనా పాలగ్లాసు పట్టుకొస్తే కథ సంగతి తర్వాత, ముందు పాల సంగతి తేలాలి. "గవి పాలా? నురుగు చూడు. పొడి కలిపిన నీళ్ళు," అనేది. ఆ పాలు తాగి ఎవరైనా పడిపోతే, "పడిపోరా మరి," అనేది. ఖాలా చూపంతా నగల మీద. "పండుకున్నప్పుడు గూడ హారం తియ్యదేంది గా సాస్? మెడ నొస్తలేదా?" అని ఆ సీరియల్ అత్త గురించి నిజంగానే బాధపడేది. నాకు కోడలి పాత్రంటే ఇష్టం, అత్తమ్మకు ఆ పిల్లంటే గిట్టదు. రోజూ లొల్లే. ఆ లొల్లి కోసమే నేను అన్నం గబగబా తినేదాన్ని.

అప్పటికి నాకు పెళ్ళయి ఏడేళ్ళు. డిగ్రీ సర్టిఫికెట్ బీరువాలో చీరల కింద పడుంది. చాంద్రాయణగుట్టలో ఓ చిన్న ప్రైవేటు బడిలో మూడో తరగతికి టీచరు కావాలంటే వెళ్ళి మాట్లాడి వచ్చాను. మరుసటి నెల మొదటి సోమవారం నుంచి రమ్మన్నారు. మా ఆయన "అమ్మనడుగు" అని తప్పుకున్నాడు. ఆయన దగ్గర ఏ ప్రశ్నకైనా అదే జవాబు. అత్తమ్మ మాత్రం ముఖం మీదే చెప్పింది.

"పొద్దున్నే ఇరవై కుండలు తోడు వెయ్యాలె. ఎవరేస్తరు? నీ బడి పిల్లలొచ్చి వేస్తరా?"

నాకు ఒళ్ళు మండింది. నా నోరు మంచిది కాదు. ఆ రోజు ఏమన్నానో రాయడానికి ఇప్పటికీ సిగ్గు. అప్పటి నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు.

అత్త మీద కోపం దుత్త మీద అంటారు. మా ఇంట్లో దుత్తలు బోలెడున్నా అవి అన్నం పెట్టేవి కాబట్టి వాటి జోలికి పోలేదు. నాకు సీరియల్ అత్త దొరికింది. ఆమె నోరు తెరిస్తే చాలు, "ఖాలా, గిసుంటి అత్తలుంటే ఏ కోడలు బాగుపడతది?" అనేదాన్ని. అత్తమ్మ కూడా ఖాలా వైపే తిరిగి, "ఇంట్ల పని ఇడిసిపెట్టి ఊరు మీద పడే కోడళ్ళను నెత్తి మీద పెట్టుకోవాల్నా?" అనేది. మూడు వారాలు ఇదే వరస. పాపం ఖాలా ఇద్దరికీ తలూపేది. ఒకరోజు విసుగొచ్చి, "అరే, నన్ను జర చూడనియ్యుండ్రి. నేను సీరియల్ చూస్త అని వస్తున్న, పంచాయితీకి కాదు," అంది.

నేను బడిలో చేరాల్సిన సోమవారం దగ్గరపడింది. ఏమీ తేలలేదు. ముందటి శనివారం సీరియల్లో కోడలికి బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. భుజాన సంచి వేసుకుని బయల్దేరింది. అత్త వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఒకరి తర్వాత ఒకరి ముఖం మూడేసి సార్లు చూపించి, ఉరుము ఉరిమించి, అక్కడ ఆపేశారు. మళ్ళీ సోమవారమే.

ఖాలా సూది దుపట్టాకు గుచ్చి పెట్టి, మొదటిసారి తలెత్తి అత్తమ్మను చూసింది. "అక్కా, నువ్వైతే ఏం జేస్తవ్?"

ఆ ప్రశ్న అడగడానికి అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ నోరు రాలేదు, నాకూ రాలేదు. నేను టీవీలోంచి కళ్ళు తిప్పలేదు. సబ్బుల ప్రకటన వచ్చి పోయింది, టీపొడి ప్రకటన వచ్చి పోయింది.

"పోనిస్తె ఏమైతది?" అంది అత్తమ్మ ఎట్టకేలకు. "కాని గా రాసెటోడు పోనియ్యడు. గా పిల్ల గడప దాటిందంటె ఆడికి కథ ఒడుస్తది."

అని లేచి షట్టరు వైపు వెళ్ళిపోయింది. ఆదివారమంతా ఆ మాటనే అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను. అన్నది ఆ పిల్ల గురించా, నా గురించా? అడగడానికి మాటల్లేవాయె. కొంగు బిగించుకుని అడిగి ఉంటే పోయేది, పంతం అడ్డమొచ్చింది.

సోమవారం పొద్దున లేచి వంటింట్లోకి వెళితే ఇరవై కుండలూ తోడు వేసి, మూతలు పెట్టి, గోడవార వరసగా ఉన్నాయి. అత్తమ్మ చేతులు కడుక్కుంటోంది. "తొమ్మిది దాటితే షేర్ ఆటోల సీటు దొరకది," అంది నా వైపు చూడకుండా. ఖాలా అక్కడ లేదు. వంటింట్లో ఉన్నది మేమిద్దరమే.

ఆ తర్వాత పదేళ్ళపాటు ఆ సీరియలూ, దాని వెనక వచ్చినవీ అన్నీ నేను అత్తమ్మ నోటే విన్నాను. సాయంత్రం నేను ఇల్లు చేరి చెప్పులు విడవకముందే మొదలుపెట్టేది. మధ్యలో తన తీర్పులు, తిట్లు, పాల మీద శంకలు. ఈమధ్య ఆ పాత భాగాలు ఫోన్లో దొరికితే రెండు చూశాను. ఆమె చెప్పినంత బాగా లేవు. చెప్పే మనిషి కోసం మనసు కొట్టుకుంది, ఆపేశాను.

మొదటి రోజు మాత్రం ఆమె చెప్పింది కొంచెమే. కాళ్ళు పీకుతూ, చేతులకు సుద్దతో నాలుగున్నరకు వచ్చాను. ఆమె దుకాణంలో ఎవరికో పెరుగు తూస్తోంది. ఆ మనిషి వెళ్ళేదాకా ఆగి, మూడు వారాల తర్వాత నేనే నోరు తెరిచాను.

"అత్తమ్మా, ఏమైంది ఇయ్యాల?"

"అత్తకు గుండె నొప్పొచ్చింది. ఉత్తదే. చెయ్యి కుడి దిక్కు పెట్టుకున్నది."

"మరి కోడలు?"

అత్తమ్మ గరిటె పక్కన పెట్టి, నన్ను తల నుంచి కాళ్ళ దాకా ఓసారి చూసింది.

"సంచి కింద పెట్టింది," అంది. "పిచ్చిది."