నవ్వులాటకు నేను చెప్పేసిన మాట

రాసుకో బిడ్డా. నా మాటలను పుస్తకం భాషలోకి మార్చి రాస్తానన్నావు, సరే, నీ ఇష్టం. కానీ మనుషులు పైకి అన్న మాటలు మాత్రం అన్నట్టే ఉంచు. ముఖ్యంగా మీ తాత మాటలు. ఆయన మాట్లాడేదే తక్కువ, వాటిని కూడా మార్చేస్తే ఇంకేం మిగలదు.

మొన్న కరీంనగర్‌లో నువ్వు మమ్మల్ని మ్యాట్నీకి తీసుకుపోయావు కదా, అక్కడి నుంచి మొదలుపెడతాను. ఇద్దరు స్నేహితులు పెళ్లి చేసుకుంటారు. చేసుకున్నాక ఆ స్నేహం ఎటు పోయిందో తెలియక కొట్లాడుకుంటారు. మంచి నవ్వులాట సినిమానే. ఆ పిల్ల మంచిదే, కాకపోతే నాలాగే నోరు ఆగదు. ఒక విందులో, మొగుడు నిద్రలో ఎలా ఏడుస్తాడో అందరి ముందు చేసి చూపిస్తుంది. హాలంతా నవ్వింది. నువ్వూ నవ్వావు. మీ తాత కూడా నవ్వాడు. నాకు మాత్రం ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, చీకటి కాబట్టి సరిపోయింది. ఇంటర్వెల్‌లో సమోసా వద్దన్నానని పరేషాన్ అయ్యావు. ఒంట్లో బాగాలేక కాదు బిడ్డా, సిగ్గుతో.

మీ తాత నాకు మేనబావ. మా బాపు చెల్లెలి కొడుకు. మందమర్రిలో బొగ్గు గనుల కంపెనీ క్వార్టర్లు వీపుకు వీపు ఆనించినట్టు ఉండేవి. మా పెరటి గోడకు అవతల వాళ్ల పెరడు. మా దోస్తానా అంతా ఆ గోడ మీదే. నాకు సైకిల్ నేర్పింది ఆయనే. నేను పడితే ముందు సైకిల్‌కు ఏమైందో చూసేవాడు, తర్వాత నాకు. పదో తరగతి రెండోసారి తప్పినప్పుడు వాళ్ల బాపు కంటే ముందు నాకు చెప్పాడు. నేను మా అవ్వ చెవి కమ్మ ఒకటి పోగొట్టి నెల రోజులు దాచిన సంగతి ఆయనొక్కడికే తెలుసు. పెద్దవాళ్లు మా పెళ్లి మాట ఎత్తితే ఇద్దరం నవ్వుకున్నాం. గోడకు అవతల ఉన్నవాడు ఇవతలికి వస్తాడు, అంతే కదా అనుకున్నాను.

పెళ్లికి ఏడాది ముందు వాళ్ల బాపు ఊపిరితిత్తులు పాడయ్యాయి, ఇక పనికి రాడని డాక్టర్లు రాశారు. అలా తండ్రి దిగిపోతే ఆ ఉద్యోగం కొడుకుకు ఇచ్చేవాళ్లు. మీ తాతకు బొగ్గుబాయిలో పని దొరికింది. అదృష్టవంతుడని కాలనీ అంతా అన్నారు. వారం తర్వాత ఒక సాయంత్రం గోడ దగ్గరికి వచ్చి, చేతులు గోడ మీద పెట్టుకుని నిలబడ్డాడు. తర్వాత చెప్పాడు. బాయిలోకి మనుషులను దించేది ఒక ఇనుప డబ్బా, లిఫ్టు లాంటిది. అది కదలగానే కాళ్ల కింద ఏమీ లేనట్టయి భయమేస్తుందట. అందుకని పన్నెండో ఎక్కం మొదలుపెడతాడట, లోలోపల, పెదవి కదపకుండా. పన్నెండు పదులు నూట ఇరవై అనేసరికి డబ్బా అడుగున ఆగుతుందట.

"ఎవ్వలకు చెప్పకే," అన్నాడు. "నవ్వుతరు."

"నేనెందుకు చెప్త బావా," అన్నాను.

పెళ్లయ్యాక మాకు వేరే కాలనీలో క్వార్టర్ ఇచ్చారు. అక్కడ నాకెవరూ తెలియదు. నల్లా రోజు విడిచి రోజు మధ్యాహ్నం వచ్చేది. ఆడవాళ్లు బిందెలు వరుసలో పెట్టి, రెండో షిఫ్టు సైరన్ మోగేదాకా మొగుళ్ల ముచ్చట్లు చెప్పుకునేవారు. ఒకామె మొగుడి గురకకు పక్కింటి పిల్లాడు లేచి ఏడుస్తాడట. ఇంకొకామె మొగుడు పప్పులో ఉప్పు ఎక్కువైతే అత్తగారికి ఉత్తరం రాస్తాడట. ఒకటే నవ్వులు. నేను నా బిందె పక్కన నిలబడి వింటూ ఉండేదాన్ని. ఒకరోజు వాళ్లలో పెద్దామె నా వైపు తిరిగింది.

"ఏం పిల్లా, నీ మొగడు నీకు చిన్నప్పటి దోస్తట గదా. గాయిన ముచ్చట ఒక్కటన్న చెప్పవా? దాసుకుంటున్నవా?"

చెప్పడానికి నా దగ్గర వేరేవి చాలా ఉన్నాయి. సైకిల్ ఉంది, పదో తరగతి ఉంది. కానీ వాళ్లు బాగా నవ్వాలి, నన్ను తమలో కలుపుకోవాలి. అందుకని అన్నింట్లోకి మంచిది ఏరి చెప్పాను. చెప్పడమే కాదు, బిందెను టోపీలా నెత్తిన బోర్లించుకుని, కళ్లు మూసుకుని వణుకుతూ ఎక్కం చదివి చూపించాను. ఆయన నాకు వణుకుతానని చెప్పలేదు. అది నేను కలిపాను. ఇది కూడా రాయి, వదిలేయకు. నవ్వీ నవ్వీ నల్లా సంగతే మరిచిపోయారు, పెద్దామె బిందె నిండి పొర్లిపోయింది. ఆ రోజు నుంచి వరుసలో నాకు ముందు చోటు దొరికింది.

ఆ మాట నల్లా నుంచి ఇళ్లకు, ఇళ్ల నుంచి బాయికి చేరడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు డబ్బా కదలగానే పక్కనున్న వాళ్లంతా గొంతు కలిపి పన్నెండొకట్ల పన్నెండు అంటూ ఎక్కం అందుకున్నారట. ఇది నాకు ఆయన చెప్పలేదు, మళ్లీ నల్లా దగ్గరే తెలిసింది. రిటైరయ్యేదాకా బాయిలో ఆయన పేరు ఎక్కాల సారు.

ఆ మూడో రోజు ఆయన ఇంటికి వచ్చి స్నానం చేశాడు, అన్నం తిన్నాడు, కంచంలో చేయి కడుక్కున్నాక ఒక్క మాట అన్నాడు.

"నీకే చెప్పిన గదనే."

అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. నవ్వులాటకు అన్నానని, ఇంత దానికేమిటని దబాయించాను. తప్పయిందని మాత్రం అనలేదు. అనడానికి నామోషీ.

తర్వాత మేం ఎప్పుడూ పెద్దగా కొట్లాడుకోలేదు. చూసినవాళ్లు మంచి జంట అన్నారు. పిల్లల జ్వరాలు, స్కూళ్లు, జమ్మికుంటలో మా అన్న పత్తి బేరాలు, అన్నీ మాట్లాడుకున్నాం. కానీ గోడ దగ్గర మాట్లాడినట్టు ఆయన మళ్లీ మాట్లాడలేదు. బాయిలో పైకప్పు కూలి తన దోస్తు కాలు పోయిన సంగతి కూడా నేను పక్కింటామె నోటనే విన్నాను. ముందటి రాత్రి ఆయన అన్నం ఎందుకు తినలేదో నాకు అప్పుడు అర్థమైంది.

సినిమా చూసి వచ్చిన మర్నాడు ఆయన బాల్కనీలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాడు. నేనూ పక్కన కూర్చుని నాలుగు కాయలు తీశాను. ఐదో కాయ చేతిలో ఉండగా అడిగాను.

"బావా, గా ఎక్కం ముచ్చట మీద నీకింక కోపమున్నదా?"

"కోపమేం లేదు."

"మరి?"

ఆయన చేతిలో ఉన్న కాయ ఈనె తీసి చాటలో వేశాడు.

"వాళ్లు నవ్వినంక గా ఎక్కం పనిచెయ్యలే. మనసుల అనుకుంటె వాళ్ల గొంతులే ఇనవడేటియి. గంతే."

ఇన్నేళ్లూ ఆయన పరువు తీశాననే అనుకున్నాను బిడ్డా. పరువు సంగతి ఆయన ఎప్పుడో మర్చిపోయాడు. ఆ చీకట్లో ఆయన పట్టుకుని దిగేది ఒకటుంటే, దాన్ని నేను లాగేశాను. తర్వాత ఉద్యోగం చేసిన ఏళ్లన్నీ అది లేకుండానే దిగాడు. నేను టిఫిన్ డబ్బా చేతికిచ్చి, గడపలో నిలబడి సాగనంపి, బిందె తీసుకుని నల్లా దగ్గరికి పోయేదాన్ని.

తప్పయింది బావా అన్నాను. ఆయన చిక్కుడుకాయల చాట నా వైపు జరిపాడు.

"తియ్ తియ్. మాపటికి కూర గావాలె."

రెండు కాయలు తీశాక, మరి ఎక్కం పోయాక ఏం చేసేవాడివని అడిగాను. సినిమాలో అయితే ఇక్కడ పాట పెట్టేవాళ్లు. ఆయన లేచి, కింద గల్లీలో ఎవరైనా ఉన్నారా అని ఒకసారి తొంగిచూశాడు. వచ్చి కూర్చుని, గొంతు తగ్గించి చెప్పాడు.

ఏం చెప్పాడని అడగకు. ఎక్కాల సంగతి రాయించుకోనా అని ఆయననే అడిగాను. అది మందమర్రి మొత్తానికి తెలుసు, రాయించుకొమ్మన్నాడు. ఇది మాత్రం రాయించను.

దాచానని గొప్ప చెప్పుకోవడం లేదు. నిన్న లక్సెట్టిపేట నుంచి మా చెల్లె ఫోన్ చేసి సినిమా ఎలా ఉందని అడిగింది. కథ చెబుతూ చెబుతూ, "మీ బావ బాయిల దిగెటప్పుడు ఏం చేసెటోడో ఎర్కేనా" అనేశాను. ఆమె ఊరుకుంటుందా, ఏం చేసేవాడక్కా అని పట్టుకుంది. పొయ్యి మీద పాలున్నాయని అబద్ధం చెప్పి ఫోన్ పెట్టేశాను. వెనక్కి తిరిగితే ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. విన్నాడో లేదో తెలియదు. అడగడానికి నాకు ముఖం చెల్లలేదు.