పిరమిడ్ పక్క సమాధులు గీసింది నేనే

రాజుగారి పేరు ఇక్కడ రాయను. నాలుగు వేల ఏళ్ళకు పైగా ఆయన పేరు మోస్తూ ఒక పిరమిడ్ నిలబడే ఉంది, నేను కూడా మోయక్కర్లేదు. నా గొడవంతా ఆ పిరమిడ్ చుట్టూ ఉన్న సమాధులతో. రాణులు, కొడుకులు, మంత్రులు, ఆఖరికి రాజుగారి గోళ్ళు తీసే అధికారి కూడా, ఎవరికి వాళ్ళు ఆయనకి వీలైనంత దగ్గరగా చోటు సంపాదించుకుని పడుకున్నారు. పైకి మన ఇళ్ళ ముందు అరుగుల్లా కనిపిస్తాయి. ఒక్కో అరుగు కింద బావిలాంటి గొయ్యి, ఆ గొయ్యి అడుగున శవాన్ని ఉంచే గది. అలాంటివి వందకి పైగా గీశాను. ఈజిప్టు గడప మాత్రం తొక్కలేదు. మేముండే క్వేకర్స్ హిల్‌లో ట్రైనెక్కి యూనివర్సిటీకి వెళ్ళి, కిటికీ లేని గదిలో కూర్చుని గీశాను.

నెల్లూరులో ఉన్నప్పుడు కాలవల ప్లాన్లు గీసేదాన్ని. ఈ దేశానికొచ్చాక లోకల్ ఎక్స్‌పీరియన్స్ ఉందా అని అడగని ఆఫీసు లేదు. పని ఇవ్వకుండా అనుభవం ఎక్కణ్ణుంచి తెమ్మంటారో వాళ్ళకే తెలియాలి. ఆరేళ్ళు పెండిల్ హిల్‌లో ఒక కొట్లో మైసూర్‌పాకులు డబ్బాల్లో సర్దాను. ఆ తరవాత దొరికింది ఈ పని. పాతకాలం వాళ్ళు పెన్సిల్‌తో గీసిన సమాధుల ప్లాన్లని ఒక ప్రొఫెసర్ కోసం కంప్యూటర్లో మళ్ళీ గీయాలి. మూడేళ్ళ పని, చివర్లో పుస్తకం. అందులో నా పేరుంటే, నాకు పని వచ్చని ఈ దేశంలో చూపించుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది. నాకు కావలసింది అదొక్కటే.

ప్రొఫెసర్ని అక్కడందరూ పేరు పెట్టి పిలిచేవారు. నాకు నోరు రాలేదు, సార్ అనేదాన్ని. మంచాయనే. ఒక పాత ప్లాన్లో గొయ్యి అరుగుకి ఉత్తరం వైపు గీసి ఉంటే, ఫొటోల్లో నీడలు పట్టి చూసి అది దక్షిణాన ఉందని తేల్చాను. వారం పట్టింది. ఆయన మురిసిపోయి పక్క గదుల్లోవాళ్ళందర్నీ పిలిచి చూపించారు. ఈయనకి నా పని తెలుసు, ఇంకేం కావాలి అనుకున్నాను.

పుస్తకం అచ్చుకి వెళ్ళే ముందు ఆయన అందరికీ ఒక షీటు పంపారు. ఎవరి పేరు వాళ్ళు, చేసిన పని ఎదురుగా రాసుకోవాలట. ఫొటోలు తీసిన అమ్మాయి ఆ రోజే నింపేసింది. చివరి నెలలో వచ్చి కాగితాలు స్కాన్ చేసినతను కూడా నింపాడు. నేను నా గడి ఖాళీగా వదిలేశాను.

మతిపోయి కాదు. మా ఇళ్ళల్లో శుభలేఖ అచ్చు వేయించేటప్పుడు ఎవరి పేరు ఎక్కడ ఉండాలో పెద్దవాళ్ళు చూసుకుంటారు. మా పేరు కూడా వేయండని ఎవరైనా అడిగారా, వాళ్ళ మనవల దాకా చెప్పుకుని నవ్వుతారు. పేరు ఒకరు వేయాలి, మనం వేసుకోకూడదు. అలా పెరిగాను.

"షీట్ నింపావా?" అని అడిగాడు మా ఆయన.

"సార్ వేస్తారులెండి. ఆయనకి తెలీదా ఏంటి?"

"అడగందే అమ్మైనా పెట్టదే. ఇక్కడ అస్సలు పెట్టరు. ఐ యామ్ టెల్లింగ్ యూ."

విసుక్కుని లోపలికి వెళ్ళిపోయాను.

పుస్తకం విడుదల రోజు మంచి చీర కట్టుకుని వెళ్ళాను. కృతజ్ఞతల పేజీలో ఫొటోల అమ్మాయి ఉంది, స్కాన్ చేసినతను ఉన్నాడు, సార్ భార్య ఉంది. పొద్దున్నే ఆయనతో నడకకి వెళ్ళిన కుక్క కూడా ఉంది, పేరుతో సహా. ప్లాన్లు ఎవరు గీశారన్న చోట 'ప్రాజెక్టు బృందం' అని ఉంది. ఆ బృందంలో ఉన్నది నేనొక్కదాన్నే. ఏడుపొచ్చింది, దానికంటే ముందు సిగ్గేసింది.

మరుసటి వారం బ్లాక్‌టౌన్‌లో డ్రైనేజీ ప్లాన్లు గీసే ఆఫీసులో ఇంటర్వ్యూ. పుస్తకం తీసుకెళ్ళాను. అక్కడి మేనేజరమ్మ పేజీలు తిప్పి, చాలా శుభ్రంగా ఉన్నాయి, మీ పేరెక్కడుంది అని అడిగింది. బృందం అంటే నేనే అన్నాను. నవ్వి పుస్తకం మూసి నా వైపు జరిపింది. ఆ ఉద్యోగం రాలేదు.

అప్పుడు సార్ దగ్గరికి వెళ్ళాను. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "ఖాళీగా వదిలేస్తే నీకు ఇష్టం లేదేమో అనుకున్నాను. కొందరు పేరు వద్దంటారు. ఆ మాటని గౌరవించాలి కదా," అన్నారు. గౌరవం అన్న మాట వినగానే ఒళ్ళు మండింది. మూడేళ్ళు నా పక్కన నిలబడి నేను గీసే ప్రతి గీతా చూసిన మనిషికి, ఒక్కసారి అడుగుదామని తోచలేదు. తప్పు దిద్దుకుంటానన్నారు, అదీ చెప్పాలి. ఆన్‌లైన్ కాపీలో మార్చడం తేలికేనట. "ఒక ఈమెయిల్ పెట్టు, ఒక్క లైను చాలు," అన్నారు. అలాగే సార్ అని వచ్చేశాను.

నెలరోజులైనా నేను పెట్టకపోయేసరికి మా అమ్మాయే టైపు చేసి, లాప్‌టాప్ నా ముందు పెట్టింది.

"మమ్, ఇట్స్ వన్ లైన్. జస్ట్ సెండ్ ఇట్."

చదివాను. దయచేసి నా పేరు చేర్చగలరు అని ఉంది. ఇంకో ఇంటర్వ్యూ వస్తే ఆ ఒక్క లైను నాకు ఎంత పనికొస్తుందో తెలుసు. కానీ గీసింది నేనని ఆయనకి తెలుసు. తెలిసీ నా చేత అడిగించుకున్నాకే వేస్తానంటే, నేను అడగను. అక్షరం తరవాత అక్షరం చెరిపేస్తుంటే, మా అమ్మాయి నన్నొక పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. చెరిపేశాను.